సీమ మిద్దెపై డాలియా

కుండీ కొంటాం. రెండు నెలలు పూలు చూస్తాం. ఎండలు ముదరగానే పారేస్తాం. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో డాలియా కథ చాలావరకు ఇంతే. మట్టి కింద మిగిలిన దుంపను కాపాడుకుంటే మాత్రం, నీళ్లకు కటకటలాడే మన ప్రాంతానికి బాగా అనువైన పూలమొక్క ఇది.

డిసెంబర్ నెలాఖరు ఆదివారం. పొద్దున ఎనిమిది దాటింది. తిరుపతి శివార్లలో రోడ్డు పక్కనున్న నర్సరీ ముందు ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులో వరసగా నల్ల కవర్లు. ఒక్కో కవరులో జానెడు మొక్క, దాని నెత్తిన అరచెయ్యంత పువ్వు. ముదురెరుపు, పసుపు, వంకాయరంగు, తెల్లంచు గులాబీ. కుర్రాడు ఒక్కొక్కటే దించుతుంటే వెళ్లే స్కూటర్లు ఆగుతున్నాయి. ఒకామె చెప్పులు విడవకుండానే కిందికి వంగి, పువ్వును వేలితో పైకెత్తి చూసింది.

"ఇది చామంతేనా నాయనా?"

"కాదమ్మా, డాలియా. చలికాలం పువ్వు."

"మళ్లా ఏడాదికి వస్తాదా?"

"దుంప దాచిపెట్టుకుంటే వస్తాదమ్మా. ఎవురు దాస్తారు? అందరూ మళ్లా వచ్చి కొనుక్కుంటారు."

ఆమె ఎర్రదొకటి, పసుపుదొకటి తీసుకుని, స్కూటర్ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని వెళ్లిపోయింది. పది గంటలకల్లా ట్రాలీ ఖాళీ.

ఆమె అడిగిన ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. కరోనా రోజుల్లో ఇంటిపట్టున ఉండిపోయినవాళ్లు మిద్దె మీద నాలుగు కుండీలతో మొదలుపెట్టారు. ఆ నాలుగే నలభై అయ్యాయి. టమాటా, వంగ, కొత్తిమీర పండించినవాళ్లు ఇప్పుడు పూల వైపు తిరిగారు. జనవరి వస్తే వాట్సాప్ స్టేటస్‌ల నిండా డాలియాలే. ఏప్రిల్ వచ్చేసరికి ఆ కుండీలు ఖాళీగా ఓ మూలకు చేరతాయి. మళ్లీ డిసెంబర్‌లో కొత్త కవరు, కొత్త ఖర్చు. ఆ మధ్యలో జారిపోతున్నదేమిటో తెలుసుకుంటే ఈ పువ్వు మన ఇంటిదైపోతుంది.

చలిదేశపు పువ్వు కాదు

డాలియా అనగానే ఊటీ, కొడైకెనాల్ గుర్తొస్తాయి. మన ఎండల్లో ఎక్కడ బతుకుతుందిలే అని చాలామంది ముందే ఆశ వదులుకుంటారు. కానీ దాని పుట్టిల్లు మంచుదేశం కాదు. మెక్సికో, మధ్య అమెరికాల్లోని ఎత్తయిన కొండసీమలు. మెక్సికో నగరం భూమధ్యరేఖకు 19 డిగ్రీల ఉత్తరాన ఉంది. మన ముంబై ఉన్నదీ ఇంచుమించు అంత దూరంలోనే. అంటే డాలియాకు సూర్యుడు కొత్త కాదు. కొండ ఎత్తు వల్ల వచ్చే చల్లని రాత్రులే దానికి ప్రాణం.

అక్కడ మే నుంచి అక్టోబర్ దాకా వానలు. ఆ తడికి దుంప మొలకెత్తుతుంది, ఎదుగుతుంది, పూస్తుంది. తరువాత వచ్చే పొడి నెలల్లో పైమొక్క ఎండిపోతుంది. నేలలో దుంప మాత్రం నిద్రపోతుంది. వాన పడితే బతకడం, పడనప్పుడు ఓపిక పట్టడం రాయలసీమకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ లెక్కన ఈ మొక్క స్వభావం మనకు పరాయిది కాదు.

1789లో మెక్సికో నగరంలోని ఉద్యానం నుంచి డాలియా విత్తనాలు స్పెయిన్‌లోని మాడ్రిడ్‌కు చేరాయి. అక్కడి రాజోద్యానంలో పూయించిన వృక్షశాస్త్రజ్ఞుడు కవానిల్లెస్ 1791లో, స్వీడన్‌కు చెందిన ఆండర్స్ డాల్ జ్ఞాపకార్థం దీనికి ఆ పేరు పెట్టాడు. యూరప్‌లో చలికాలపు మంచుకు దుంపలు గడ్డకట్టి చచ్చిపోతాయి. అందుకే అక్కడి తోటమాలులు చలికాలానికి ముందే వాటిని తవ్వి, నేలమాళిగల్లో దాచుకోవడం అలవాటు చేసుకున్నారు. వాళ్లు మంచు నుంచి దాచారు. మనం మే నెల ఎండ నుంచి దాచాలి. కాలం మారింది తప్ప చేయాల్సిన పని అదే.

ఒక్క సీమలో మూడు మెట్లు

పాత చిత్తూరు జిల్లాలో డాలియా పెంచేవాళ్లకు ఒకే పంచాంగం పనికిరాదు. ఎందుకంటే ఇక్కడి నేల మెట్లు మెట్లుగా ఉంటుంది.

కింది మెట్టు తిరుపతి, శ్రీకాళహస్తి, రేణిగుంట వైపు. సముద్ర మట్టానికి పెద్ద ఎత్తు లేదు. వేసవిలో నలభై దాటే ఎండ. ఇక్కడ డాలియాకు దక్కేది డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉండే చిన్న చలికాలం ఒక్కటే. చిత్తూరు పట్నం దీనికి కాస్త మెరుగు.

చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కితే గాలి మారిపోతుంది. పలమనేరు, పుంగనూరు, వి.కోట, కుప్పం, మదనపల్లె ప్రాంతాలు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్న పీఠభూమి. బెంగళూరుకు పొరుగు. చామంతి, బంతి, గులాబీ తోటలు వేసి బెంగళూరు, చెన్నై మార్కెట్లకు పంపే రైతులున్న నేల. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగులకు శానిటోరియం కట్టడానికి కారణం అక్కడి పొడి, చల్లని గాలే. మనుషుల ఊపిరితిత్తులకు మేలు చేసిన ఆ గాలి డాలియా ఆకుకూ మేలే చేస్తుంది.

పై మెట్టు హార్స్‌లీ హిల్స్. ఏనుగుల మల్లమ్మ కొండ అని పెద్దలు పిలిచే ఈ కొండ మీద కడప కలెక్టర్‌గా ఉన్న హార్స్‌లీ 19వ శతాబ్దంలో వేసవి విడిది కట్టుకున్నాడు. ఎత్తు 1,200 మీటర్ల పైమాట. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఇంచుమించు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. మెక్సికో కొండల వాతావరణానికి మన దగ్గర బాగా దగ్గరగా వచ్చేది ఇక్కడే.

కాబట్టి తిరుపతిలో ఉన్నవాళ్లు మదనపల్లె బంధువుల కుండీలు చూసి నిరుత్సాహపడక్కర్లేదు. వాళ్ల కాలం వేరు, మన కాలం వేరు.

అసలు శత్రువు నవంబర్ వాన

దేశంలో చాలాచోట్ల సెప్టెంబర్, అక్టోబర్‌లలో డాలియా నాటమంటారు. ఆ సలహాను తిరుపతిలో అక్షరాలా పాటిస్తే దెబ్బతింటాం. మనకు ఈశాన్య రుతుపవనాలు ఎక్కువగా కురిసేది అక్టోబర్, నవంబర్‌లలోనే. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మరిచిపోలేదు. అలాంటి వానకు కుండీలో నీళ్లు నిలిస్తే దుంప నాలుగు రోజుల్లో కుళ్లిపోతుంది.

దీనికి మార్గం ఉంది. సెప్టెంబర్ చివర్లో దుంపను వసారాలో, వాన జల్లు పడనిచోట, తడి ఇసుకలో పెట్టి మొలకెత్తించాలి. మొలకలు మూడు, నాలుగు అంగుళాలు వచ్చాక వాటిని కోసి ఇసుకలో గుచ్చితే రెండు, మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. నవంబర్ రెండో సగంలో వానలు తెరిపి ఇచ్చాక పెద్ద కుండీల్లోకి మార్చాలి. ఒక్క దుంప నుంచి ఇలా నాలుగైదు మొక్కలు తీయొచ్చు. జనవరి, ఫిబ్రవరి నిండా పూలు చూడొచ్చు. పలమనేరు, మదనపల్లె వైపు వాళ్లు జూన్, జూలైలలోనే ఒక విడత నాటుకోవచ్చు.

ఇంకో చిక్కు పగటి పొడవు. తిరుపతిలో డిసెంబర్ పగలు పదకొండున్నర గంటల లోపే. పగలు అంత చిన్నదైతే డాలియా పైకి ఎదగడం తగ్గించి, తన శక్తిని దుంప ఊరడానికి మళ్లిస్తుంది. అందుకే ఆలస్యంగా నాటిన మొక్క పొట్టిగా ఉండగానే పూసేస్తుంది. మొదటి నెలరోజులు సాయంత్రం పూట మిద్దె మీది బల్బు రెండు, మూడు గంటలు వెలిగించి ఉంచితే మొక్క ఇంకా ఎదుగుతుంది. పూల ఎగుమతి తోటల్లో పెద్దయెత్తున వాడే పద్ధతే ఇది.

■ కుండీ ఇలా నింపండి

• పొట్టి రకాలకు 10–12 అంగుళాల కుండీ, పెద్ద పూల రకాలకు 14–16 అంగుళాలది.

• ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక లేదా కోకోపీట్ ఒక పాలు. గుప్పెడు వేపపిండి, గుప్పెడు ఎముకల పొడి.

• అడుగు రంధ్రం మీద పెంకు ముక్క బోర్లించాలి. కుండీని ఇటుకల మీద ఉంచాలి.

• కొమ్మముక్క కాక నేరుగా దుంపనే నాటితే, దాన్ని పడుకోబెట్టి, కన్ను పైకి ఉండేలా నాలుగంగుళాల లోతున నాటాలి. మొలక కనిపించేదాకా నీళ్లు బహు పొదుపుగా.

• నాటేటప్పుడే ఊతకర్ర గుచ్చాలి. తరువాత గుచ్చితే దుంప చీలుతుంది.

• కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. ఫిబ్రవరి దాటాక మధ్యాహ్నపు ఎండ నుంచి నీడ.

మొన గిల్లే చెయ్యి

డాలియా పెంపకంలో మనసు రాని పని ఒకటుంది. మొక్క మూడు, నాలుగు జతల ఆకులు తొడిగి, మొన మీద చిన్న చిగురు తలెత్తినప్పుడు దాన్ని గిల్లేయాలి. బొటనవేలు, చూపుడువేలి గోళ్ల మధ్య పట్టుకుంటే లేత కాడ చిటుక్కున విరుగుతుంది. గిల్లిన చోట నీటి చుక్క మెరుస్తుంది. వారం పది రోజుల్లో కింది ఆకుల చంకల్లోంచి కొమ్మలు చీలి మొక్క గుబురవుతుంది. గిల్లకపోతే ఒకే కాడ పొడుగ్గా లేచి, ఒక పువ్వు పూసి, గాలికి వాలిపోతుంది.

మొగ్గల దగ్గరా అంతే. సాధారణంగా కొమ్మ చివర మూడు మొగ్గలొస్తాయి. నడిమిది ఉంచి పక్కవి రెండూ తీసేస్తే పువ్వు పళ్లెమంత అవుతుంది. మూడూ ఉంచితే మూడూ చిన్నవే. ఏది కావాలన్నది ఇంటివాళ్ల ఇష్టం. వాడిన పూలను ఎప్పటికప్పుడు కోసేస్తుంటే కొత్త మొగ్గలు వస్తూనే ఉంటాయి. మొగ్గ తొడిగాక నత్రజని ఎరువు తగ్గించాలి, లేకపోతే ఆకులే తప్ప పూలుండవు. కాస్త కట్టెల బూడిద పొటాష్ అందిస్తుంది.

కాడ విషయంలో ఓ జాగ్రత్త. డాలియా కాడ లోపల బోలుగా ఉంటుంది. లావు కాడను కోసి వదిలేస్తే ఆ గొట్టంలో వాననీరు నిలిచి నేరుగా దుంప నెత్తికి చేరుతుంది. కోసిన చోట కొద్దిగా మైనమో, బంకమట్టో అద్దితే ఆ ప్రమాదం తప్పుతుంది.

మాలకు రాదు, జడకు రాదు

తిరుపతి పూలమీద బతికే ఊరు. రామానుజుల మాట మీద తిరుమల కొండెక్కి, స్వామి కోసం పూలతోట వేసిన అనంతాళ్వార్ కథ ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. ఇప్పటికీ గురువారం పూలంగి సేవలో స్వామిని పూలతోనే అలంకరిస్తారు. కార్తీకంలో పుష్పయాగం జరుగుతుంది. కొండమీద పూసే ప్రతి పువ్వూ స్వామిదేనని భక్తులు అక్కడ తలలో పూలు పెట్టుకోరు. బ్రహ్మోత్సవాల్లో తితిదే ఉద్యాన విభాగం ఏర్పాటుచేసే ఫలపుష్ప ప్రదర్శన ముందు జనం కిక్కిరిసిపోతారు.

ఇలాంటి ఊళ్లో డాలియాకు ఏ పనీ లేదు. వాసన లేదు. బరువు ఎక్కువ కాబట్టి మాలలో కుదరదు. మల్లె, కనకాంబరాల్లా జడలో ఒదగదు. అయినా ఎందుకు పెంచుతారు? చూడటానికి. పొద్దున కాఫీ గ్లాసుతో మిద్దె ఎక్కి, నిన్న మొగ్గగా ఉన్నది ఇవాళ ఎంత విప్పిందో చూడటానికి. దేనికో ఒకదానికి పనికొస్తేనే నీళ్లు పోసే లెక్కల మధ్య, కేవలం కళ్ల కోసం ఒక మొక్కను సాకడం ఇంటికి మంచిది. ముఖ్యంగా పిల్లలున్న ఇంటికి, ఉద్యోగ విరమణ తరువాత పగలు గడవని పెద్దలున్న ఇంటికి. ఒక మొగ్గ విచ్చుకోవడం కోసం వారం రోజులు ఆగడం ఫోన్ తెర నేర్పని విద్య.

ఒంటి రెక్కల డాలియా, అంటే నడుమ పసుపు బొట్టు కనిపించే రకం, ఒక్క కుండీ అయినా ఉంచుకోండి. ముద్ద రకాల్లో తేనెటీగలకు పుప్పొడి సులభంగా దొరకదు. ఒంటి రెక్కల పువ్వు మీద అవి పొద్దుటి నుంచే వాలతాయి. మిద్దె మీది వంగ, సొర, దోస కాపుకూ ఆ రాకపోకలు కలిసొస్తాయి.

ఏప్రిల్‌లో పారేయొద్దు

మార్చి చివరికి పూలు చిన్నబోతాయి. ఏప్రిల్‌లో ఆకు పసుపెక్కి వాడుతుంది. 'మొక్క చచ్చిపోయింది' అనుకుంటాం. అది చావు కాదు, నిద్రకు సిద్ధం కావడం. చాలా ఇళ్లలో డాలియా కథ తెగిపోయేది ఇక్కడే.

ఆకులు పసుపెక్కగానే నీళ్లు మెల్లగా తగ్గించి ఆపేయాలి. కాడను జానెడు ఉంచి కోయాలి. కుండీని అలాగే మెట్ల కింద నీడకు జరిపితే సగం పని అయినట్టే. ఇంకా భద్రంగా ఉండాలంటే మట్టి బోర్లించి, దుంపల గుత్తిని విరగకుండా తీసి, నీడలో మూడు, నాలుగు రోజులు ఆరబెట్టాలి. బూడిద పట్టించి, మట్టికుండలో పొడి ఇసుక మధ్య పరిచి, ఇంట్లో చల్లగా ఉండే మూల పెట్టాలి. నెలకోసారి తీసి చూడాలి. ముడతలు పడుతుంటే ఇసుక మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించాలి. మెత్తబడినది కనిపిస్తే వెంటనే తీసేయాలి.

విత్తనపు వేరుశనగ కాయను తిండికి ముట్టకుండా మూటగట్టి దాచే సీమ రైతింటి ఆడవాళ్లకు ఇది కొత్త పని కాదు. మా ఇంట్లో అమ్మ డాలియా దుంపలను అదే శ్రద్ధతో దాచేది. కుండ మీద సుద్దముక్కతో రంగు పేరు రాసేది. ఎర్రది, పసుపుది కలిసిపోతే ఆమెకు గిట్టేది కాదు.

దుంప విడదీసేటప్పుడు ఒక్కటే నియమం. బంగాళాదుంపకు ఒళ్లంతా కళ్లుంటాయి. డాలియాకు కాడ అతుక్కునే మెడ దగ్గరే ఉంటాయి. మెడ ముక్క లేని దుంప ఎంత లావుగా ఉన్నా మొలకెత్తదు. కాబట్టి ప్రతి ముక్కకూ కాస్త మెడ, ఒక కన్ను ఉండేలా కోయాలి.

ఇక నీళ్ల లెక్క. గులాబీ, మందారం ఏప్రిల్, మే, జూన్‌లలో రోజూ నీళ్లు అడుగుతాయి. తిరుపతి కాలనీల్లో ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టే రోజులవి. సరిగ్గా ఆ నెలల్లోనే డాలియా నిద్రపోతుంది. చుక్క నీరు అడగదు. నీళ్లున్న కాలంలో తాగి, లేని కాలంలో పస్తుండే మొక్కను మనం చలిదేశపు విలాసమని దూరం పెట్టడం న్యాయం కాదు.

■ నెలల లెక్క (తిరుపతి, చిత్తూరు)

• ఏప్రిల్: నీళ్లు ఆపడం, దుంప తీయడం.

• మే–ఆగస్టు: నిద్ర. నెలకోసారి తనిఖీ.

• సెప్టెంబర్ చివర: వసారాలో మొలకెత్తించడం.

• అక్టోబర్: కొమ్మముక్కలకు వేళ్లు పట్టించడం.

• నవంబర్ రెండో సగం: కుండీల్లో నాటడం, మొన గిల్లడం.

• డిసెంబర్: ఊతం కట్టడం, పక్కమొగ్గలు తీయడం.

• జనవరి–మార్చి: పూలు.

ఎదురయ్యే చిక్కులు

ఫిబ్రవరి వేడి పెరగగానే ఆకు అడుగున ఎర్రనల్లి చేరుతుంది. ఆకు దుమ్ము కొట్టినట్టు పాలిపోతుంది. పొద్దున పూట ఆకు అడుగుకు నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు పోతుంది. పేనుబంక, పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లాలి. ఆకు మీద తెల్ల పొడి రాలినట్టుంటే అది బూడిద తెగులు. కుండీలను ఎడంగా జరిపి గాలి ఆడనివ్వాలి.

నయం కానిది ఒకటుంది. ఈనెల వెంట పసుపు చారలు పడి, ఆకు ముడుచుకుని, మొక్క గిడసబారితే అది మొజాయిక్ వైరస్ కావచ్చు. అలాంటి మొక్క దుంపను దాచకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ఎంత ఇష్టమైన రంగయినా తీసేయాల్సిందే.

అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లవాళ్లకు కోతుల బెడద వేరే. అవి కుండీ పెళ్లగించకుండా చుట్టూ వల కట్టుకోక తప్పదు. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే ఆకు, దుంప నమలకుండా చూడాలి. వాటికి కడుపునొప్పి, చర్మం మీద దద్దుర్లు రావచ్చు.

■ డాలియా సంగతులు

• డాలియా చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందింది. 1963లో మెక్సికో దీన్ని జాతీయ పుష్పంగా ప్రకటించింది.

• విత్తనం వేస్తే తల్లి పువ్వే రాదు. ప్రతి విత్తనం ఒక కొత్త పువ్వు. అదే రంగు, అదే ఆకారం కావాలంటే దుంపో, కొమ్మముక్కో నాటాలి.

• దుంపలో పిండిపదార్థంగా ఉండేది ఇన్యులిన్. ఇన్సులిన్ మందు రాకముందు మధుమేహులకు పనికొచ్చే చక్కెరను దీన్నుంచి తీసేవారు.

• నిజమైన నీలం డాలియా ఇంతవరకు పూయలేదు.

• రామకృష్ణ మిషన్ సన్యాసి స్వామి వినయానంద మన వాతావరణంలో ఎన్నో కొత్త డాలియాలను సృష్టించారు. 'భిక్కూస్ మదర్' వాటిలో పేరు మోసింది.

దుంపల సంత పెడదాం

1872లో మెక్సికో నుంచి నెదర్లాండ్స్‌కు ఒక పెట్టె వెళ్లింది. దారిలో లోపలివన్నీ కుళ్లిపోయాయి. పెట్టె అందుకున్నాయన విసుక్కుని పారేయలేదు. వెదికి, బతికున్న ఒక్క చిన్న దుంపను తీసి నాటాడు. సూదుల్లాంటి రెక్కలతో ఎర్రని పువ్వు పూసింది. ఈనాడు ప్రపంచమంతా పెంచే కాక్టస్ డాలియాలకు మూలం అదే. ఒక్క దుంపను కాపాడినందుకు వచ్చిన ఫలితం అది.

మన దగ్గర ప్రతి ఏప్రిల్‌లో ఎన్నో దుంపలు చెత్తబండి ఎక్కుతున్నాయి. వాటిని ఆపడానికి ప్రభుత్వ పథకం అక్కర్లేదు. సెప్టెంబర్ చివర్లో ఒక ఆదివారం కాలనీ పార్కులోనో, బడి ఆవరణలోనో దుంపల సంత పెడితే చాలు. ఎర్రది ఎక్కువున్నవాళ్లు పసుపుది తీసుకెళ్తారు. మదనపల్లె దుంప తిరుపతికి, తిరుపతి దుంప పలమనేరుకు చేరుతుంది. తిరుపతిలోనే 1961 నుంచి ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయపు నిమ్మ పరిశోధన స్థానం ఉంది. అక్కడి నిపుణుల్లో ఒకరు వచ్చి ఒక పూట దుంప కోయడం, రోగం గుర్తించడం చూపిస్తే చాలామందికి ధైర్యం వస్తుంది. మన మిద్దెలకు ఏ రకం బాగా తట్టుకుంటుందో రెండు, మూడేళ్లలో మనకే తెలిసిపోతుంది.

పుట్టింటి నుంచి పసుపు కొమ్ము, కరివేపాకు మొక్క తెచ్చుకున్న ఇళ్లు మనవి. ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్త కాదు. ఈ ఏప్రిల్‌లో మీ కుండీ బోర్లించే ముందు మట్టిలో ఒకసారి చెయ్యి పెట్టి వెతకండి. గట్టిగా తగిలిన దుంపల్లో రెండు మీకు దాచుకోండి, ఒకటి పక్కింటివాళ్లకు ఇవ్వండి.